ఆర్సెనల్‌కి ‘ఆయుధాగారం’ సరిపోతుందా?

లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఉన్న వూలిచ్ రాయల్ ఆర్సెనల్ చరిత్ర మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. అన్నిచోట్లా ‘ఆయుధాగారం’ అని రాసుకుంటూ పోయాను గానీ చదువుతుంటే ఏదో తేడా కొడుతోంది. ఇంకో మాట ఉంటే చెప్పండి.

—

తేడా కొట్టాల్సిందేనండి. ఆయుధాగారం అనగానే తాళం వేసిన గది, అందులో వరసగా పేర్చిన తుపాకులు గుర్తొస్తాయి. వూలిచ్ మొదట్లో అలాంటిదే, కాదనను. 1671లో ప్రభుత్వం టవర్ ప్లేస్ అనే ఎస్టేటు కొని మందుగుండు, ఫిరంగులు దాచుకునే డిపో చేసింది. అక్కడ కుందేళ్ల బొరియలు ఉండేవని చాలాకాలం దాన్ని ‘వారెన్’ అనే పిలిచారు.

అక్కడ ఫిరంగులు పోయడం మొదలవడానికి ఓ ప్రమాదం కారణం. 1716లో లండన్ మూర్‌ఫీల్డ్స్‌లో ఒక ప్రైవేటు ఫౌండ్రీలో, ఫ్రెంచివాళ్ల దగ్గర పట్టుకున్న పాత ఫిరంగుల్ని కరిగించి కొత్తవి పోస్తుంటే, అచ్చుల్లో తడి ఆరలేదు, సలసల కాగే లోహం తగలగానే ఆవిరి పుట్టి మొత్తం పేలిపోయింది. 17 మంది పోయారు. ఆ దెబ్బతో సర్కారే వూలిచ్‌లో సొంత ఫౌండ్రీ కట్టుకుంది. దాని పేరు రాయల్ బ్రాస్ ఫౌండ్రీ. పేరు చూసి ‘ఇత్తడి ఫిరంగులు’ అని రాసేశారేమో, చూసుకోండి. అక్కడ పోసింది కంచు, అంటే రాగి, తగరం కలిపినది. ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్లు రెంటినీ బ్రాస్ అనేసేవాళ్లు. 1770లో హేగ్ నుంచి వచ్చిన వెర్‌బ్రూఖన్ అనే ఫిరంగులు పోసే నిపుణుడు, ఫిరంగిని గట్టి దిమ్మెలా పోసి, దాన్ని అడ్డంగా పడుకోబెట్టి తిప్పుతూ లోపల తొలిచే యంత్రం పెట్టాడు. ఇంత పని జరిగే చోటుని ఆగారం అంటే ఎలా?

టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నం పడిపోయాక మైసూరు రాకెట్లు కూడా వూలిచ్‌కే చేరాయి. వాటి ఆధారంగానే విలియం కాన్‌గ్రీవ్ అనే ఇంగ్లీషు ఆయుధ నిపుణుడు అక్కడ తన రాకెట్లు తయారుచేశాడు. ఈ సంగతి మీ వ్యాసంలో లేకపోతే మాత్రం పెట్టండి.

ఇక మాట సంగతి. ‘వారెన్’ తీసేసి రాయల్ ఆర్సెనల్ అన్నది 1805లో, మూడో జార్జి కాలంలో. ఆ ఆర్సెనల్ ఇటలీ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది, వెనిస్‌లో ఓడలు కట్టే చోటుకి అదే పేరు. దాని వెనక ఉన్నది అరబ్బీ ‘దార్ అస్సినాఅ’, అంటే తయారీ జరిగే ఇల్లు. అదే ధాతువు నుంచి ఉర్దూలో ‘సనత్’ వచ్చింది, పరిశ్రమ అని అర్థం. మన హైదరాబాద్ సనత్‌నగర్‌లో ఉన్నది ఆ సనతే, సనత్‌కుమారుడు కాదు!

—

అన్నా, ఒక్క మాట. ‘ఆగారం’ అంటే కూడా ఇల్లే కదా? అరబ్బీ దార్‌కి సరిగ్గా సరిపోయింది, మరి తప్పెక్కడ?

—

నిఘంటువు ప్రకారం నువ్వన్నది నిజమే తమ్ముడూ. వాడుకలో చూడు. ధాన్యాగారంలో ధాన్యం ఉంటుంది, పండదు. కారాగారంలో ఖైదీలు ఉంటారు. ముందున్న మాట వస్తువైతే ఆగారం దాన్ని దాచుకునే చోటైపోతుంది, పని అయితేనే పని జరిగే చోటు. అందుకే ‘కర్మాగారం’ కుదిరింది. పార్సీ నుంచి వచ్చిన కార్ఖానా కూడా అదే కట్టుబడి, పనీ ఇల్లూ. హైదరాబాద్ దగ్గర ఎద్దుమైలారంలో ఉన్న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీని మన పేపర్లు ‘ఆయుధ కర్మాగారం’ అనే రాస్తాయి, ఎవరికీ అర్థం కాకుండా పోలేదు.

కాబట్టి నా సలహా, 1716కి ముందు భాగంలో ఆయుధాగారం ఉంచేసి, ఆ తర్వాత నుంచి ఆయుధ కర్మాగారం అని మార్చండి. మొదటి ప్రపంచ యుద్ధంలో దాదాపు 80,000 మంది పనిచేసి, 1967లో ఫ్యాక్టరీ మూతపడేదాకా అదే మాట నడుస్తుంది.

—

చాలా థాంక్స్ అండి, ఇత్తడి అనే రాశాను, మారుస్తున్నా. అక్కడి కార్మికులు 1886లో పెట్టుకున్న ఫుట్‌బాల్ జట్టు ప్రస్తావన కూడా ఉంది. దాన్నీ తెలుగు చేయాలా?

—

వద్దండీ బాబూ, ఊరి పేరులాగా ఆర్సెనల్ అనే ఉంచండి. వాళ్ల ముద్దుపేరు ‘గన్నర్స్’కి కావాలంటే మన పాత మాట గోలందాజు ఉంది, బ్రాకెట్లో వేసుకోండి.