మూడో గేమ్‌లో బాల్ ఎడమకి పోతోంది: బాల్ మార్చాలా, నిలబడే చోటు మార్చాలా?

గురువారం_లీగ్:
అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర టెన్‌పిన్ బౌలింగ్ (బాల్ దొర్లించి పది పిన్స్ పడగొట్టే ఆట) లీగ్ ఆడుతున్నాను, ఇది రెండో సీజన్. కుడిచేతి వాటం. 15 పౌండ్ల రియాక్టివ్ బాల్ (పొడి చోట బాగా తిరిగేది) ఒకటి, స్పేర్లకి, అంటే మిగిలిన పిన్స్‌ని రెండో బాల్‌తో తీయడానికి, ప్లాస్టిక్ బాల్ ఒకటి ఉన్నాయి. మొదటి గేమ్ 170 దాకా వస్తుంది. మూడో గేమ్‌కొచ్చేసరికి అదే చోటు నుంచి, అదే గురికి వేసినా బాల్ ముందే తిరిగి హెడ్‌పిన్ (అన్నిటికన్నా ముందుండే పిన్) ముక్కు మీద పడుతోంది. 4-9 స్ప్లిట్లు (4, 9 నంబర్ పిన్స్ దూరదూరంగా) మిగులుతున్నాయి. లేన్ మీద పూసిన ఆయిల్ పోయాక వేరే బాల్ కావాలని ప్రో షాప్ ఆయన అంటున్నాడు. డ్రిల్లింగ్‌తో కలిపి 200 డాలర్ల పైమాటే. కొనమంటారా?

రెండో_బాణం:
కొనకు తమ్ముడూ. ఇరవై రెండేళ్లుగా ఆడుతున్నాను కాబట్టి చెబుతున్నా. లీగ్ రోజు వేసే హౌస్ షాట్‌లో (సెంటర్ వాళ్లు మామూలుగా ఆయిల్ పూసే తీరు) ఆయిల్ సుమారు 40 అడుగులు ఉంటుంది. మధ్యలో చిక్కగా, పదో బోర్డు (లేన్‌లోని సన్నటి పట్టీ, గటర్ వైపు నుంచి లెక్క) దాటి గటర్ వైపు, అంటే లేన్ పక్క కాలువ వైపు, పలచగా. కుడిచేతి వాళ్లందరూ ఆ పదో బోర్డు చుట్టూనే వేస్తారు. రియాక్టివ్ బాల్ ఆయిల్ పీలుస్తుంది. రెండు గేములు అయ్యేసరికి ఆ దారి ఎండిపోతుంది. బాల్ ఎటు తప్పితే అటే జరగాలి: కాళ్లు 2 బోర్డులు ఎడమకి, గురి 1 బోర్డు ఎడమకి. మళ్లీ ముక్కు మీద పడితే మళ్లీ జరుగు. దీనికి ఒక్క డాలరు కూడా ఖర్చు కాదు.

బ్రేక్‌పాయింట్:
అన్న చెప్పింది సగమే. జరిగితే దారి మారుతుంది గానీ బాల్ స్వభావం మారదు. నీ బాల్ గరుగ్గా ఉంటే ఎండిన చోట ముందే పట్టేసి, బలమంతా దారిలోనే ఖర్చు చేసుకుంటుంది. పిన్స్ దగ్గరికి నీరసంగా చేరుతుంది. పాకెట్‌లో (హెడ్‌పిన్‌కీ దాని పక్క పిన్‌కీ మధ్య) పడినా టెన్ పిన్, అంటే కుడి చివరి పిన్, నిలబడే ఉంటుంది. అదే మెరుపున్న బాల్ అయితే ముందు జారుతుంది, చివర్లో తిరుగుతుంది. మొదటి గేమ్‌కి గరుకుది, మూడో గేమ్‌కి నునుపుది. రెండూ ఉండాల్సిందే.

రెండో_బాణం:
నునుపు కావాలంటే ఉన్న బాల్‌నే 4000 గ్రిట్ ప్యాడ్‌తో (బాల్ పైభాగాన్ని రుద్దే మెత్త) రుద్ది పాలిష్ పెట్టుకోవచ్చు. దానికి ఇంకో బాల్ ఎందుకు?

బ్రేక్‌పాయింట్:
గేముల మధ్య ప్యాడ్ పెట్టకూడదు. యూఎస్‌బీసీ (అమెరికా బౌలింగ్ సంఘం) నిబంధన అది. కొత్త కుర్రాడికి తప్పు చెప్పకండి.

రెండో_బాణం:
గేముల మధ్య రుద్దమని నేనెక్కడన్నాను? లీగ్ మొదలవక ముందు.

బ్రేక్‌పాయింట్:
ముందే మెరుపు పెడితే మొదటి గేమ్‌లో కొత్త ఆయిల్ మీద తిరగకుండా పోతుంది. మరి మూడో గేమ్‌కి రుద్దుకోమని కాక ఇంకేమని అర్థం చేసుకోవాలి?

రెండో_బాణం:
ముందు అన్నాను. పైకెళ్లి చదవండి.

పిన్_డెక్:
ప్యాడ్ గొడవ ఆపండి, అతను అడిగింది అది కాదు.

సుజాత_ఎడమచేయి:
తమ్ముడూ, ఎవరి మాటా వినకముందు నీ బాల్ చూసుకో. తిరిగొచ్చాక తుడవకుండా వెలుతురుకి పట్టుకో. ఆయిల్ గీతలు ఒకదాని పక్కన ఒకటి వలయాల్లా కనిపిస్తాయి, రెండు చోట్ల దగ్గరికొచ్చి మళ్లీ విడిపోతాయి. మొదటి గేమ్‌లో ఆ గీతలు తడిగా, మందంగా ఉంటాయి. మూడో గేమ్‌లో వేలితో రాస్తే జిడ్డు అంటీ అంటనట్టు ఉందంటే నీ దారిలో ఆయిల్ అయిపోయినట్టే. నేను ప్రతి షాట్‌కీ ఇది చూసే తుడుస్తాను. లేన్ మీద ఆయిల్ కంటికి కనపడదు, బాల్ మీద కనపడుతుంది.

నైట్_షిఫ్ట్:
యూరిథేన్ బాల్ తీసుకో, మొత్తం మీద తిరగడం తగ్గుతుంది.

పిన్_డెక్:
దయచేసి వద్దు. యూరిథేన్ ఆయిల్‌ని పీల్చదు, ముందుకు తోసుకుపోతుంది. మేం ఆడే లేన్ల జతలో ఇద్దరు అదే వేస్తారు. రెండో గేమ్‌కల్లా చివర పొడిగా ఉండాల్సిన చోట ఆయిల్ చేరి నా బాల్ తిరగదు. సీజనంతా ఇదే పడ్డాను.

బ్రేక్‌పాయింట్:
టోర్నమెంట్ సంగతి కూడా చెప్పుకోవాలి. ఆయిల్ ప్యాటర్న్ పొడవు (అడుగుల్లో) లోంచి 31 తీసేస్తే బాల్ తిరగాల్సిన బోర్డు సుమారుగా తెలుస్తుంది. 40 అడుగులకి తొమ్మిదో బోర్డు, 45 అడుగులకి పద్నాలుగు, 33 అడుగులకి రెండో బోర్డు, అంటే గటర్ అంచు. వీటన్నిటికీ ఒకే బాల్ పట్టుకెళ్లి గెలవమంటారా?

రెండో_బాణం:
అతను ఆడేది హౌస్ షాట్. టోర్నమెంట్ ఎందుకు తెస్తారు? సరే, మనసులో మాట చెప్పేస్తాను. 2019లో మా టీమ్‌లో నా చోటు పోయింది. ఎనిమిదేళ్లు ఆడిన టీమ్. ఆరు బాల్స్ బ్యాగ్ ఈడ్చుకుంటూ వచ్చినాయన ప్రతి రెండు షాట్లకీ బాల్ మార్చేవాడు. స్పేర్ తీయడం రాదు, కానీ యావరేజ్ నాకన్నా 6 ఎక్కువ. నన్ను తీసి అతన్ని పెట్టుకున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చేత్తో నేర్చుకోవాల్సింది డబ్బుతో కొంటున్నారు. ఈ కుర్రాడిని కూడా అదే దారి పట్టించకండి.

బ్రేక్‌పాయింట్:
ఆడలేక అన్నారు కదా, వినండి. 2021లో నా కుడి భుజానికి ఆపరేషన్ అయింది. అంతకుముందు నా స్పీడ్ గంటకి 17 మైళ్లు, ఇప్పుడు 14 దాటదు. స్పీడ్ తగ్గితే ఏ బాలైనా ముందే తిరుగుతుంది. మీలా ఎడమకి ఎంత జరిగినా కుడివైపుకి విసిరి తిప్పే బలం ఈ చేతిలో లేదు. వారానికి మూడు రోజులు ప్రాక్టీస్ చేస్తే ఆ రాత్రి భుజం మీద పడుకోలేను. నా చెయ్యి మారదు కాబట్టి బాల్ మార్చుకుంటున్నాను. లేకపోతే ఈ ఆట మానేయాలి. డబ్బుతో కొన్నాడనే మాట మా లీగ్‌లో కూడా విన్నాను, అందుకే ఇక్కడ ఇంత రాస్తున్నాను.

సుజాత_ఎడమచేయి:
ఇద్దరూ ఇది మొదటే చెప్పుంటే ప్యాడ్ మీద ఇంత రభస జరిగేది కాదు.

రెండో_బాణం:
మీ భుజం సంగతి నాకు తెలీదు. ఆడలేక అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఈ కుర్రాడి భుజం బాగానే ఉంది. రెండో సీజన్‌లోనే బాల్ మారిస్తే జరగడం ఎప్పుడు నేర్చుకుంటాడు? నా పట్టు అదొక్కటే.

బ్రేక్‌పాయింట్:
ఆ మాట వెనక్కి తీసుకున్నందుకు సంతోషం. నా పట్టు మాత్రం అలాగే ఉంది. జరగడం నేర్చుకున్నాక కూడా గరుకు బాల్ గరుకు బాలే.

గురువారం_లీగ్:
నిన్న ఆడొచ్చాను. మూడో గేమ్‌లో సుజాత గారన్నట్టు చూస్తే బాల్ మీద గీతలు దాదాపు లేవు. కాళ్లు 3 బోర్డులు, గురి 2 బోర్డులు ఎడమకి జరిపాను. ఒక్క 4-9 కూడా రాలేదు. కానీ పాకెట్‌లో పడ్డా టెన్ పిన్ నాలుగుసార్లు నిలబడింది. స్కోరు 166.

రెండో_బాణం:
నాలుగింటిలో ఎన్ని తీశావు?

గురువారం_లీగ్:
రెండు.

రెండో_బాణం:
ముందు ఆ ప్లాస్టిక్ బాల్‌తో ఆ టెన్ పిన్ మీదే ఒక నెల కూర్చో.

బ్రేక్‌పాయింట్:
ఆ నాలుగూ మొదటి బాల్‌కే పడాల్సినవి. నీ బాల్ ఇప్పుడు ఏ గ్రిట్‌లో (ఎంత గరుకుగా) ఉందో ప్రో షాప్‌లో అడిగి రాయి.