‘చేతులు రావడం లేదు’: ఈ మాటలోకి చేతులెందుకు వచ్చాయి?

సభ్యులందరికీ నమస్కారం. ఒక పలుకుబడి గురించి మిమ్మల్ని అడగాలి. అసలు సంగతికి ముందు కొంచెం సొంత కథ చెప్పక తప్పదు.

పోయిన ఏడాది ఇస్తాంబుల్ వెళ్ళినప్పుడు గ్రాండ్ బజార్‌లో ఒక పొగాకు పైపు కొన్నాను. తెల్లటి రాయిని చెక్కి చేసినది. పొగాకు నింపే గిన్నె చుట్టూ ద్రాక్షతీగ, ఆకుల మీద ఈనెలతో సహా. రాయే అయినా చేతిలోకి తీసుకుంటే ఎండిన సొరకాయ బుర్రంత తేలిక. నా దగ్గర పాత బ్రయర్ చెక్క పైపు ఒకటుంది. ఎప్పుడైనా సాయంత్రం పూట దాన్నే వెలిగిస్తాను. ఈ తెల్లదాన్ని మాత్రం ఇంతవరకు వెలిగించలేదు. పొగాకు నింపి, అగ్గిపుల్ల తీసి, మళ్ళీ పొగాకంతా దులిపేసి పెట్టెలో పెట్టేసిన సాయంత్రాలున్నాయి.

మొన్న అమ్మ మా ఇంటికొచ్చింది. పొగ వాసనే గిట్టదు ఆవిడకు. బీరువాలో ఈ పెట్టె చూసి, తెరిచి, పైపును అటూ ఇటూ తిప్పింది. తిడుతుందనుకున్నాను. “ఇంత బాగున్నదాన్ని కాల్చడానికి చేతులెలా వస్తాయిలే నాన్నా” అని మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

పుట్టినప్పటి నుంచీ వింటున్న మాటే. కానీ ఏడాదిగా నాకేమవుతోందో నేను చెప్పుకోలేకపోయినది అమ్మ ఒక్క ముక్కలో చెప్పింది. సంకోచం అందామంటే అది పుస్తకాల మాట. మొహమాటం మనుషుల దగ్గర పడేది. పిసినారితనమా అంటే డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది. భయం కొంత ఉంది గానీ, అదీ పూర్తిగా కాదు. చేతులు రావడం లేదు. అంతే.

ఇంతకీ ఈ వాక్యం తయారైన తీరు చూడండి. ‘నాకు చేతులు రావడం లేదు’ అంటాం. ‘నా చేతులు’ అనం. నిద్ర వచ్చినట్టు, ఏడుపు వచ్చినట్టు, ఈత వచ్చినట్టు, చివరికి తెలుగు వచ్చినట్టు చేతులు కూడా ఎక్కడి నుంచో మనకు రావాలి. భుజాలకు అతుక్కుని ఉన్న చేతులే! అయినా ఆ పని కోసం అవి వేరేగా వస్తేనే పని జరుగుతుంది. ఇంగ్లీషువాడు ఇలాంటి చోట తనను తాను ఆ పని దగ్గరకు తెచ్చుకోలేకపోతున్నానంటాడు. ఈడ్చేదీ వాడే, ఈడ్చబడేదీ వాడే. మన వాక్యంలో ఆ పెనుగులాట లేదు. నేను పక్కన నిలబడి ఉన్నాను, చేతులు రాలేదు.

దీనికి ఇద్దరు తోబుట్టువులున్నారు. చెప్పాలంటే నోరు రాదు. వదిలి వెళ్ళాలంటే కాళ్ళు రావు. ‘ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది?’, ‘పసివాణ్ణి కొట్టడానికి చేతులెలా వచ్చాయి?’ అని నిలదీస్తాం. చేయాల్సిన అవయవం ఏదైతే అదే మొరాయిస్తుంది. మనసు పేరెత్తకుండా మనసు గురించి చెప్పే పద్ధతి ఇది. నాకు చాలా ఇష్టంగా ఉంది. ‘కాళ్ళూ చేతులూ ఆడటం లేదు’ అనే మాటను దీనితో కలపకూడదు. అది కంగారు. చేతులు రాకపోవడంలో కంగారేమీ లేదు.

అమ్మ వాడిన ‘కాల్చడం’ గురించి కూడా ఒక మాట. చుట్ట కాలుస్తాం, సిగరెట్టు కాలుస్తాం. అవి నిజంగానే కాలి బూడిదవుతాయి. పైపు విషయంలో కాలేది పొగాకు, పైపు మిగులుతుంది. అయినా ‘పైపు కాల్చడం’ అనే అంటాం. అందుకే అమ్మ మాటలో ఆ ద్రాక్షతీగకే నిప్పు పెడుతున్నట్టు వినిపించి ఒళ్ళు జలదరించింది.

ఈ మాట మీ వైపు ఎలా అంటారు? కొత్త వస్తువు విషయంలో కూడా వాడతారా, లేక కొట్టడం, పారెయ్యడం, కోయడం లాంటి కఠినమైన పనులకేనా?

వరంగల్ నుంచి:
మా దిక్కు ‘చేతులొస్తలేవు’ అంటమండీ. కొత్త వస్తువుకైతే ‘వాడబుద్ధి అయితలేదు’ అనేది ఎక్కువ. ‘పాణం ఒప్పుతలేదు’ అని ఇంకోటి ఉన్నది, అది కొంచెం బరువైన మాట. బిడ్డను అత్తగారింటికి తోలేటప్పుడు, ముసలి ఎడ్లను అమ్మేటప్పుడు వస్తది. పైపుకు పాణం ఒప్పుతలేదంటే మా అమ్మ ఒప్పుకోదు. చేతులైతే సరిపోతయి.

నెల్లూరు నుంచి:
మాస్టారూ, మీరు నొచ్చుకోనంటే ఒక మాట. వేమన తేనెటీగ పద్యం మనందరం చిన్నప్పుడు అప్పజెప్పిందే. దానం చేయక, తాను తినక దాచుకుంటే చివరికి తేనె దారినపోయేవాడి పాలవుతుంది. మీ పైపుకూ అదే వర్తిస్తుందని నా అభిప్రాయం. వాడని వస్తువు ఉన్నా లేనట్టే. దానికి ‘చేతులు రాలేదు’ అని మెత్తటి పేరు పెట్టుకుంటున్నామేమో ఆలోచించండి.

అడిగినవారు:
నొచ్చుకోలేదండీ. కానీ ఆ పద్యం చెప్పేది కూడబెట్టడం గురించి. పట్టులో ఎంత తేనె చేరినా ఈగకు చాలదు. నాకు రెండో తెల్ల పైపు అక్కర్లేదు. ఉన్న ఒక్కదాని దగ్గరే ఆగిపోయాను. లోభికి వస్తువు తగ్గిపోతుందని బాధ. నాకు తగ్గుతుందని కాదు, మారుతుందని.

ఈ రాయి సంగతి చెబితే నా బాధ తెలుస్తుంది. దీన్ని జర్మన్లు మీర్‌షామ్ అన్నారు, అంటే సముద్రపు నురుగు. మన మూలికల కొట్లో సముద్రపు నురుగు అని అడిగితే ఇచ్చేది వేరు, అది కటిల్ ఫిష్ ఎముక. అదీ తెలుపే, అదీ తేలికే. పేరు ఒకటే గానీ వస్తువులు వేరు. ఈ రాయి నిజానికి మెగ్నీషియం ఉన్న ఒక ఖనిజం. పేరున్న గనులు టర్కీలో ఎస్కిషెహిర్ చుట్టుపక్కల ఉన్నాయి. ఎస్కి అంటే పాత, షెహిర్ అంటే మన హైదరాబాదీల ‘షహర్’. తవ్వి తీసినప్పుడు తడిగా, మెత్తగా ఉంటుంది, చాకుతో చెక్కుకోవచ్చు. ఆరాక తేనెమైనంలో వేసి మెరుగు పెడతారు. లోపలంతా సన్నటి రంధ్రాలు. పైపు వెలిగించిన కొద్దీ పొగలోని తేమను, జిడ్డును పీల్చుకుని, తెలుపు పోయి పసుపు, తేనె రంగు, ఏళ్ళు గడిస్తే ముదురు గోధుమ రంగు వస్తుంది. తెలిసినవాళ్ళు ఆ రంగు కోసమే దీన్ని కొంటారు. వేడిగా ఉన్నప్పుడు గిన్నెను వట్టి చేత్తో పట్టుకోరు, వేలిముద్రలు మచ్చలుగా మిగిలిపోతాయని. ఒకసారి రంగు మొదలైందంటే మళ్ళీ ఈ తెలుపు రాదు. నాకు ఈ తెలుపూ కావాలి, ఆ తేనె రంగూ కావాలి. చేతులు ఆగేది అక్కడ.

రాజమండ్రి నుంచి:
మీరు పైపు అన్నారు, నేను పెన్ను అంటాను. మా ఊరి రత్నం పెన్ను సంగతి మీకు తెలిసిందే. స్వదేశీ రోజుల్లో 1932లో మొదలై గాంధీగారి మెప్పు పొందినవి. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని తరిణె పట్టి ఒక్కొక్కటీ చేత్తో చేస్తారు. నేనొకటి కొని, సిరా పొయ్యకుండా నాలుగేళ్ళు ఉంచాను. నోట్లో పెట్టుకునే పైపు కాడలు కూడా కొన్ని ఎబొనైట్‌వే కదా. మీదీ అదే అయితే ఒకే పదార్థం మీ నోటి దగ్గరా నా వేళ్ళ దగ్గరా ఆగిపోయింది. మా ఇంట్లో దీన్ని ‘అపురూపం చేసుకోవడం’ అనేవాళ్ళు. ‘దాన్ని మరీ అపురూపం చేసుకోకురా, రాసుకో’ అనేది మా అమ్మమ్మ. ఆ మాటలో చిన్న మందలింపు ఉంది. మీ అమ్మగారి మాటలో అది లేదు, ఆవిడ మీ పక్షాన నిలబడ్డారు.

అమలాపురం నుంచి:
బాబూ, నేను చదువుకున్నదాన్ని కాదు, మా మనవరాలు టైపు చేస్తోంది. కొత్త చీర కట్టుకునే ముందు అంచున పసుపు పెడతాం కదా. ఎందుకని ఎప్పుడైనా ఆలోచించావా? శుభం అంటారు, నిజమే. కానీ ఎనిమిది గజాల కొత్త పట్టు మడత విప్పాలంటే నాకెప్పుడూ చేతులు వచ్చేవి కావు. పసుపు బొట్టు ఒకటి పడ్డాక భయం పోయేది. మొదటి మరక మన చేత్తోనే పెట్టేశాం, ఇక పడేదేముంది? మీ ఆయన తిట్టడా అని అడగకు, ఆయనే పసుపు అరగదీసి ఇచ్చేవాడు.

వరంగల్ నుంచి:
అమ్మా, మీ మాట చదివినంక ఇంకో మాట యాదికొచ్చింది. ‘ఎంగిలి’. పైపు నోట్ల పెట్టుకునేది, ఒక్కసారి పెట్టుకుంటే ఎంగిలి. ఇంకొకరికి కానుక ఇయ్యరాదు. అందుకు కూడా చేతులు ఆగుతయేమో. కానీ మన దగ్గర ఎంగిలికి వేరే ముఖం కూడా ఉన్నది. బతుకమ్మ మొదలయ్యేదే ఎంగిలిపూల బతుకమ్మతోని, పెత్తరమాస నాడు, అంటే మహాలయ అమావాస్య నాడు. తొమ్మిది దినాల పండుగకు ఆరంభానికే ఆ పేరు. ఎంగిలంటే చెడిపోవుడు అనే అనుకుంటే ఈ పేరు ఎట్ల నిలబడ్డది?

గుంటూరు నుంచి:
అవునండీ, మావైపు అతిథితో ‘కాస్త ఎంగిలి పడి వెళ్ళండి’ అంటారు. రెండు ముద్దలు తినమని. అక్కడ మైల లేదు, మర్యాదే.

డాలస్ నుంచి:
చాలా మంచి చర్చ. నాదొక సందేహం. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, తెలుగు బాగానే మాట్లాడుతుంది. దాని పుట్టినరోజుకు కొన్న బొమ్మల కేకు కోయడానికి చాలాసేపు కూర్చుని, చివరికి కోసి, “నానమ్మా, చేతులు వచ్చేశాయి!” అంది. మా అత్తగారు నవ్వి, అలా అనకూడదే అన్నారు. ఎందుకనకూడదో ఆవిడా చెప్పలేకపోయారు, నేనూ చెప్పలేకపోయాను. ‘చేతులు రాలేదు’ ఉన్నప్పుడు ‘చేతులు వచ్చాయి’ ఎందుకు లేదు?

అడిగినవారు:
అమ్మా, మీ అమ్మాయి మాటతో చాలా గొప్ప ప్రశ్న లేచింది. మూడు రోజులుగా దాని మీదే ఉన్నాను. నాకు తోచింది ఇది.

‘మనసు రావడం’ రెండు వైపులా నడుస్తుంది. ‘ఇవ్వడానికి ఇన్నాళ్ళకు మనసొచ్చింది’ అని హాయిగా అంటాం. చేతులు, నోరు మాత్రం ఈ అర్థంలో రెండు చోట్లే కనిపిస్తాయి. ఒకటి లేదనడంలో, రెండోది నిలదీయడంలో. ‘చేతులు రాలేదు’, ‘చేతులెలా వచ్చాయి?’ మా అమ్మ అన్న ‘ఎలా వస్తాయిలే’ రూపానికి ప్రశ్నే, అర్థానికి రావు అని. ఉన్నదున్నట్టు ‘చేతులు వచ్చాయి’ అని ఒప్పుకునే వాక్యం మనకు అలవాటులో లేదు. చేతులు నిజంగా వచ్చాయీ అంటే ఆ సంగతి మనం చెప్పుకోం, ఎదుటివాళ్ళు మనల్ని అడుగుతారు. పసివాణ్ణి కొట్టినవాడిని అడిగినట్టు. అందుకే మీ అత్తగారి చెవికి ఆ మాట తప్పుగా తగిలి ఉంటుంది. అమ్మాయి వ్యాకరణం తప్పలేదు. ఎవరూ నిలబడని చోట నిలబడింది, అంతే. నాకైతే ఆ వాక్యం ఉంటే బాగుండుననిపించింది.

మరి చేతులు వచ్చిన రోజు మనమేమంటాం? ‘తెగించాను’ అంటాం, అది యుద్ధానికి వెళ్ళినట్టుంది. ‘మనసు రాయి చేసుకున్నాను’ అంటే ఎవరికో అన్యాయం చేసినట్టు. ‘బోణీ చేశాను’ అంటే కొట్టు తెరిచినట్టు. ఒక్కటీ అతకడం లేదు.

ఇక పైపు సంగతి. పసుపు బొట్టు పెట్టమని అమలాపురం అమ్మగారు అనలేదు గానీ, చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ రాయి తాగేస్తుంది కనుక పసుపు పెట్టలేను. కానీ మొదటి మరక మన చేత్తోనే పెట్టడమనే మాట లోపల ఉండిపోయింది. నిన్న సాయంత్రం వర్షం వెలిసాక, గిన్నె సగానికి మాత్రం పొగాకు నింపి, కాడ దగ్గర గుడ్డతో పట్టుకుని వెలిగించాను. మెల్లగా, ఆగి ఆగి. టర్కీ వాళ్ళూ మనలాగే పొగను ‘తాగుతారు’, వాళ్ళ క్రియ కూడా నీళ్ళు తాగడానికి వాడేదే. ఆ కొట్టు ముసలాయన ఈ మాట చెప్పినప్పుడు మేమూ అంతే అని నేను సంబరపడిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

రంగేమీ మారలేదు. చల్లారాక దీపం కింద పెట్టి చాలాసేపు చూశాను. ద్రాక్షతీగ తెల్లగానే ఉంది. చాలాసార్లు వెలిగిస్తే గానీ కాడ మొదట్లో పసుపు ఛాయ కనిపించదట.

రాత్రి అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. “ఎంగిలి పడ్డావన్నమాట” అంది. ఈ చర్చ సంగతి ఆవిడకు తెలియదు.

ఇంకొక్క ప్రశ్న మిగిలింది. నేను విన్నంతలో ఈ మాట బహువచనంలోనే ఉంది, చేతులు రాలేదు, కాళ్ళు రాలేదు. ఒక్క చేత్తో అయిపోయే పనికి కూడా రెండు చేతులూ రావాలి. ఈ అర్థంలో ‘చెయ్యి రాలేదు’ అని ఏకవచనంలో మీ ఇళ్ళలో ఎవరైనా అంటారా? అంటే ఊరి పేరుతో సహా రాయగలరు.