ఇంటి నుంచి రొయ్యల చెరువు దాకా నెట్ లాగాలి, ల్యాన్ కేబుల్ చాలుతుందా?

చెరువుగట్టు (భీమవరం దగ్గర)
నమస్కారమండీ. మా ఇంటికీ చెరువు మీది షెడ్డుకీ మధ్య 240 మీటర్లు. దారిలో వేరేవాళ్ల చెరువు, గట్టు మీద రెండు వరసల కొబ్బరిచెట్లు. ఇంట్లో 100 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉంది. షెడ్డులో నాలుగు కెమెరాలు పెడదామని. రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మోటార్లు) ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది, ఆ టెన్షన్‌తో నిద్ర పట్టదు. షాపతను 305 మీటర్ల ల్యాన్ కేబుల్ బాక్సు తీసుకోమంటున్నాడు. బీటెక్ చదివే మా తమ్ముడు ఓఎస్ఐ అంటూ, నెట్‌వర్క్ పనిని విడదీసి చూపే ఏడు లేయర్లు (అంతస్తులు) అంటూ బొమ్మ గీస్తాడు గానీ ఏ తీగ కొనాలో చెప్పడు.

నరసాపురం కుర్రాడు
వైఫై బూస్టర్ పెట్టేయండన్నా, అయిపోతుంది. మా మేడ మీద బాగానే వస్తోంది.

పాత లైన్‌మన్ (పాలకొల్లు)
మేడ వేరు, చెరువు వేరు బాబూ. మామూలు బూస్టర్ విన్నది మళ్లీ అదే ఛానల్‌లో పంపుతుంది, వేగం సగానికి పడిపోతుంది. పైగా ఆకుల్లోని నీరు సిగ్నల్‌ని తాగేస్తుంది.

రాగి తీగ మీద ఈథర్నెట్‌కి, అంటే మీ ల్యాన్ కేబుల్లో నడిచే పద్ధతికి, హద్దు 100 మీటర్లు. బాక్సులో 305 ఉండేది ముక్కలు కోసుకోవడానికి, ఒకే లాగుడుకి కాదు. దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ నీరసపడుతుంది, అదే కేబుల్లోని పక్క తీగల జతల రొద దాని మీద పడుతుంది, ఏది ఒకటో ఏది సున్నానో అవతలి చిప్‌కి తెలియదు. ఒక్కోసారి 130 మీటర్లకి కూడా లైటు వెలుగుతుంది. మురిసిపోకండి, నడిచినట్టే నడుస్తూ ప్యాకెట్లు (డేటా ముక్కలు) రాలిపోతుంటాయి. తమ్ముణ్ణి విసుక్కోకండి, ఆ ఏడింటిలో అట్టడుగున ఉండే ఫిజికల్ లేయర్ అంటే మీరడిగిన తీగే.

సింగిల్ మోడ్ ఫైబర్ (వెలుతురుతో కబురు పంపే సన్నటి గాజుపోగు) లాగండి. కిలోమీటర్లు పోతుంది, 240 మీటర్లు దానికో లెక్కా? రెండు కొసలకీ మీడియా కన్వర్టర్లు కావాలి, అంటే ల్యాన్ సిగ్నల్‌ని వెలుతురుగా, వెలుతురుని మళ్లీ సిగ్నల్‌గా మార్చే పెట్టెలు. ఒకే పోగు మీద నడిచేవైతే ఏ, బి అని రాసున్న జత అడగండి. ఒకటి 1310 నానోమీటర్ల వెలుతురులో పంపి 1550లో వింటుంది, రెండోది దానికి తిరగబడి. రెండూ ఏ తెచ్చుకున్నారా, లింకు లైటు జన్మలో వెలగదు. గాజుపోగులో కరెంటు పారదు కాబట్టి పిడుగుల రోజుల్లో కాస్త నిశ్చింత. కాకపోతే ఇళ్లకి లాగే ఫైబర్ తీగకి (డ్రాప్ కేబుల్) ఊతంగా స్టీలు తీగ ఉంటుంది, దాన్ని పెట్టెలోకి రానివ్వకుండా బయటే కత్తిరించేయండి.

చెరువుగట్టు
థాంక్సండీ. 100 ఎంబీపీఎస్ నాలుగింటికీ సరిపోతుందా? ఇంటి దగ్గరున్న ఒక్క కెమెరాయే, నేను వైజాగ్ వెళ్తే ఫోన్లో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది.

పాత లైన్‌మన్
బయటి ఊళ్లో చూసేటప్పుడు బొమ్మ మీ ఇంట్లోంచి బయటికి పోవాలి. అంటే అప్‌లోడ్ ఎంతో చూడాలి. ఒక్కో కెమెరాకి 4 ఎంబీపీఎస్ పెడితే మొత్తం 16 ఎంబీపీఎస్. అవి బిట్లు, 8 బిట్లు ఒక బైటు, కాబట్టి సెకనుకు 2 మెగాబైట్లు. రాత్రి తొమ్మిదింటికి, ఊరంతా ఫోన్లు పట్టుకుని ఉన్నప్పుడు టెస్ట్ చేయండి.

మా టెలిఫోన్ ఎక్స్ఛేంజీ రోజుల్లో కాల్ కలిసిందంటే ఆ లైను వాళ్లిద్దరిదే, మాట్లాడకుండా కూర్చున్నా సరే. 1960ల్లో అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండ్‌లో డొనాల్డ్ డేవిస్ ఎవరికి వారే వేరే దారి ఆలోచించారు. దేన్నయినా చిన్న ముక్కలు చేసి, ముక్కముక్కకీ చిరునామా రాసి, అందరివీ ఒకే లైన్లో వదలడం. ఈథర్నెట్‌లో మామూలుగా ఒక్కో ప్యాకెట్ 1500 బైట్లు మించదు. లైను ఖాళీగా పడుండదు, నిజమే. రద్దీ అయితే మాత్రం క్యూ కడతాయి, క్యూ నిండితే కొన్ని పడిపోతాయి. మీ ఫోన్లో తిరిగే చక్రం చాలాసార్లు ఇందుకే.

అమలాపురం ఈసీఈ
ఒక్క మాట బాబాయ్ గారూ. ఈయన భయం కరెంటు పోవడం గురించి కదా! కరెంటు పోతే కెమెరా, కన్వర్టర్, ఇంట్లో రౌటర్ అన్నీ పోతాయి. ఇక కబురు చెప్పేదెవరు? బ్యాటరీ ఉండి, ఫోన్ కాల్ చేసే సిమ్ అలారం పెట్టుకోండన్నా. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా పట్టే రకం తీసుకోండి. "కరెంటు పోయింది" అన్న కబురు కొన్ని బైట్లు, దానికి 16 ఎంబీపీఎస్ దేనికి?

పాత లైన్‌మన్
అమ్మాయి చెప్పింది కరెక్టు. కెమెరాలు కూడా ఆగకూడదంటే రెండు చోట్లా యూపీఎస్ ఉండాల్సిందే.

చెరువుగట్టు
అయితే ముందు అలారం, తర్వాత ఫైబర్. గట్టులో పాతిపెట్టమంటారా?

పాత లైన్‌మన్
వద్దు, స్తంభాలేసి పైనుంచే లాగండి. పక్కాయన మడ్డి తీయించడానికి పొక్లెయిన్ దింపే రోజున గట్టులో కేబుల్ ఉందని ఎవరికి గుర్తుంటుంది?