అప్‌డేట్: షాకులు, టైర్లు మార్చాక బండి ఎలా ఉందంటే

లోడు లేకపోతే మా పికప్ వెనక భాగం ఎగిరెగిరి పడుతోంది, నడుం పోతోంది, ఏం చేయాలి అని అడిగాను కదా. చాలామంది ముందు షాకులు (బండి ఊగకుండా ఆపే షాక్ అబ్జార్బర్లు) చూడమన్నారు. విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లి చూపిస్తే వెనకవి రెండూ ఆయిల్ కారి, దానికి దుమ్ము పట్టి నల్లగా పేరుకుపోయాయి, విప్పి నొక్కితే అడ్డే లేకుండా రాడ్ లోపలికి పోతోంది. నాలుగూ మార్చి గ్యాస్ నింపినవి వేయించా. టైర్లు కూడా గట్టిపడి పక్కల పగుళ్లిచ్చాయి కాబట్టి అదే సైజులో, లోడ్ రేటింగ్ (టైరు మోయగల బరువు) తగ్గకుండా కొత్తవి వేయించి వీల్ అలైన్‌మెంట్ చేయించా.

ఇప్పుడు గుంతలో పడితే ఒక్కసారి ఊగి ఆగుతోంది. మంగళగిరి దాటాక హైవే మీద అయితే హాయిగా ఉంది. లోడుకి పెట్టిన గాలితోనే ఖాళీగా తిరక్కుండా, డోర్ దగ్గర స్టిక్కర్ చూసి ఖాళీ బండికి చెప్పినంతే పెడుతున్నా, దాంతో వచ్చిన తేడా కూడా తక్కువేం కాదు, పైగా ఖర్చు లేనిది.

కమాన్ కట్టలో (వెనక బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగు) ఒక పట్టీ తీసేస్తే ఇంకా మెత్తగా ఉంటుందన్నాడు మెకానిక్. వద్దన్నా, గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు వేసుకెళ్లే బండి అది. ఖాళీగా ఉంటే కమాన్ల బిరుసు కొంత తెలుస్తూనే ఉంది, కారులా మాత్రం ఉండదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర కిర్రుమంటోంది, కమాన్ల బుష్‌లు (బిగించే చోట ఉండే తొడుగులు) ఇంకా మార్చలేదు.