ఏవీఆర్-లిబ్‌సీ ఆర్‌పీఎం బిల్డ్ కాన్ఫిగర్ దగ్గరే ఆగిపోతోంది

ప్రశ్న:
ఫెడోరా లినక్స్‌లో ఏటీమెగా328పీ అనే ఏవీఆర్ మైక్రోకంట్రోలర్ కోసం బిన్‌యుటిల్స్ (అసెంబ్లర్, లింకర్), జీసీసీ (కంపైలర్), ఏవీఆర్-లిబ్‌సీ (సీ లైబ్రరీ) మూడింటికీ విడివిడిగా ఆర్‌పీఎం ప్యాకేజీలు చేస్తున్నాను. మొదటి రెండూ అయ్యాయి. ఏవీఆర్-లిబ్‌సీ మాత్రం కాన్ఫిగర్ దశలోనే ఆగుతోంది. లాగ్‌లో "సీఎఫ్-ప్రొటెక్షన్ ఈ టార్గెట్‌కి లేదు" అని ఉంది. అదే సోర్సు టెర్మినల్లో బిల్డ్ చేస్తే ఏ ఇబ్బందీ లేదు. స్పెక్ ఫైల్లో (ప్యాకేజీ ఎలా బిల్డ్ చేయాలో ఆర్‌పీఎంకి చెప్పే ఫైలు) ఎక్కడ చూడాలండీ?

జవాబు 1:
సీఎఫ్-ప్రొటెక్షన్ అనేది ఎక్స్86 (మామూలు పీసీ ప్రాసెసర్ల) కంపైలర్ ఫ్లాగ్. ఫెడోరా 36 నుంచి బిల్డ్ సెక్షన్ మొదలవగానే ఆర్‌పీఎం తన సీఫ్లాగ్స్, ఎల్‌డీఫ్లాగ్స్ (కంపైలర్, లింకర్ ఆప్షన్లు) ఎక్స్‌పోర్ట్ చేసేస్తుంది. ఏవీఆర్-లిబ్‌సీ మొత్తం ఏవీఆర్-జీసీసీతోనే కంపైల్ అవుతుంది కాబట్టి అవన్నీ దాని నెత్తిన పడతాయి. జీసీసీ బిల్డ్‌లో ఈ గొడవ రాదు. క్రాస్ కంపైలర్ (వేరే ప్రాసెసర్‌కి కోడ్ తయారుచేసేది) అయితే టార్గెట్ లైబ్రరీలకి అది వేరే ఫ్లాగ్స్ వాడుతుంది.

బిల్డ్ సెక్షన్ మొదటి లైన్లోనే సీఫ్లాగ్స్, సీఎక్స్ఎక్స్‌ఫ్లాగ్స్, ఎల్‌డీఫ్లాగ్స్ అన్‌సెట్ చేయండి. కాన్ఫిగర్ మాక్రో వాడకండి, అది మళ్లీ వాటినే పెడుతుంది. కాన్ఫిగర్ స్క్రిప్ట్‌ని నేరుగా పిలిచి హోస్ట్ ఆప్షన్‌కి ఏవీఆర్ అనీ, బిల్డ్ ఆప్షన్‌కి కాన్ఫిగ్.గెస్ (మీ మెషీన్ రకం చెప్పే స్క్రిప్ట్) ఇచ్చిన విలువ అనీ ఇవ్వండి. ప్రిఫిక్స్ (ఇన్‌స్టాల్ అయ్యే డైరెక్టరీ) జీసీసీకి ఇచ్చినదే ఉండాలి. తేడా వస్తే లింక్ చేసేటప్పుడు "సీఆర్‌టీఏటీమెగా328పీ.ఓ దొరకలేదు" అంటుంది.

జవాబు 2:
పై మార్పుతో బిల్డ్ అవుతుంది, కానీ ఇన్‌స్టాల్ అయ్యాక అసలు చిక్కు ఎదురవుతుంది. ఆర్‌పీఎం చివర్లో .ఏ ఫైళ్లన్నిటి (స్టాటిక్ లైబ్రరీల) మీదా పీసీకి చెందిన స్ట్రిప్ (డీబగ్ సమాచారం తీసేసే టూల్) నడుపుతుంది. దానికి ఏవీఆర్ ఆబ్జెక్టులు తెలియవు. ఆర్కైవ్ ఇండెక్స్ పోయి, "ర్యాన్‌లిబ్ నడపండి" అని లింకర్ మొత్తుకుంటుంది. స్టాటిక్ ఆర్కైవ్ స్ట్రిప్ స్టెప్ ఒక్కటీ ఆపండి, జీసీసీ ప్యాకేజీలో కూడా, ఎందుకంటే లిబ్‌జీసీసీ.ఏ అందులోనే ఉంది. మొత్తం పోస్ట్-ఇన్‌స్టాల్ స్టెప్‌లన్నీ ఆపేయడం నాకు నచ్చదు, మ్యాన్ పేజీల కంప్రెషన్ కూడా పోతుంది. డెబియన్‌లో అయితే డీహెచ్_స్ట్రిప్‌కి ఎక్స్‌క్లూడ్ ఇస్తే చాలు.

ప్రశ్న వేసినవారు:
ఇప్పుడు మూడూ బిల్డ్ అయ్యాయి, ధన్యవాదాలు. బిన్‌యుటిల్స్ ఇన్‌స్టాల్ చేస్తుంటే మాత్రం సిస్టమ్ బిన్‌యుటిల్స్‌తో ఫైల్ కాన్ఫ్లిక్ట్ అంటోంది.

జవాబు 1:
ఇన్ఫో ఫైళ్లు అయి ఉంటాయి. ప్రోగ్రాములకీ, మ్యాన్1 పేజీలకీ ఏవీఆర్- అని ముందు తగులుతుంది, ఇన్ఫోకి తగలదు. ఇన్‌స్టాల్ సెక్షన్లో షేర్ కింద ఇన్ఫో డైరెక్టరీ తీసేయండి. జీసీసీలో దాంతోపాటు మ్యాన్7 కూడా తీసేయాలి. బిన్‌యుటిల్స్, జీసీసీ రెండిటికీ కాన్ఫిగర్‌లో డిజేబుల్-ఎన్‌ఎల్‌ఎస్ (అనువాద ఫైళ్లు వద్దు అని), జీసీసీకి డిజేబుల్-లిబ్‌సీసీ1 కూడా ఇస్తే మిగతా ఘర్షణలు పోతాయి.