పొద్దున పూట మొరాయిస్తున్న పాత డీజిల్ కారు: లోపం ఎక్కడ వెతకాలి?

హనుమకొండ వాసి:
మా బాపు 2008లో కొన్న డీజిల్ కారును ఇప్పుడు నేను నడుపుతున్నాను. పదిహేనేళ్ల గడువు ముగిశాక ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లకు పొడిగించుకున్నాము కాబట్టి, దీనిని ఇంకొంత కాలం నిలబెట్టుకోవాలన్నది మా కోరిక. ఇంజిన్ 1.4 లీటర్లది, కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందించే కొత్త పద్ధతి) కాదు, సిలిండర్లకు డీజిల్ పంపే రోటరీ పంపు, చల్లని ఇంజిన్‌ను లోపల వేడిచేసే హీటర్ ప్లగ్ సిలిండరుకొకటి ఉన్న పాత రకం. చలి మొదలైనప్పటి నుంచి పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది గానీ అందుకోదు. చాలాసేపు కొట్టాక తెల్లటి పొగ వదులుతూ, ఒకటి రెండు సిలిండర్లు పనిచేయనట్టు వణుకుతూ అందుకుంటుంది. ఆ తరువాత రోజంతా, జనగామ దాకా పోయివచ్చినా, తాళం తిప్పగానే స్టార్ట్ అవుతుంది. ఒక గ్యారేజీలో బ్యాటరీ మార్చారు, ఇంకొక గ్యారేజీలో పంపు విప్పాలంటున్నారు. పంపు విప్పించక ముందే ఇంటి దగ్గర చూసుకోదగిన పరీక్షలు ఏమున్నాయో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పంపు పనివాడు, కాజీపేట:
పంపు మరమ్మతే నా బతుకుదెరువు, అయినా మీ పంపును ఇప్పుడే విప్పవద్దనే చెబుతున్నాను. డీజిల్ ఇంజిన్‌లో నిప్పురవ్వ ఉండదు. పిస్టన్ గాలిని ఇరవై రెట్లకు పైగా కుదించినప్పుడు పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. మీ కారు వంటి పాత ఇంజిన్లలో డీజిల్ నేరుగా సిలిండరులో కాక హెడ్‌లోని చిన్న గదిలో పడుతుంది. రాత్రంతా చల్లారిన ఆ గది గోడలు పుట్టిన వేడిని పీల్చేసుకుంటాయి కాబట్టి, హీటర్ ప్లగ్ సాయం లేకుండా ఇంజిన్ పొద్దున్నే అందుకోవడం కష్టం. ఒకసారి వేడెక్కాక ప్లగ్‌తో పని లేదు. మీరు చెప్పిన లక్షణాలు దీనికి అచ్చంగా సరిపోతున్నాయి.

అన్నిటికన్నా ముందు పొగను చూడాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సరు నుంచి తెల్లటి పొగ వస్తూ డీజిల్ వాసన కొడుతుంటే, ఇంధనం సిలిండరులోకి చేరుతున్నది గానీ కాలడం లేదని అర్థం. అప్పుడు హీటర్ ప్లగ్‌లు, ఇంజిన్ తిరిగే వేగం, కంప్రెషన్ (గాలి కుదింపు), పంపు టైమింగ్ (డీజిల్ వదిలే సమయం) అనే వరుసలో చూడాలి. పొగ జాడే లేకపోతే ఇంధనం చేరడం లేదు. అప్పుడు ఫిల్టరు, గాలి చొరబడే గొట్టాలు, పంపు మీది కట్ ఆఫ్ సోలనాయిడ్ (డీజిల్‌ను వదిలి ఆపే కరెంటు కవాటం) చూడాలి. ఈ రెండు దారులను కలిపేసి కనిపించిన భాగమల్లా మారుస్తూ పోవడం వల్లనే పాత కార్ల మీద డబ్బు వృథా అవుతున్నది.

విశ్రాంత డిపో మెకానిక్:
పై మాటలు సరైనవే, అయితే తిరిగే వేగాన్ని తేలికగా తీసుకోకూడదు. నెమ్మదిగా తిరిగే ఇంజిన్‌లో కుదించిన గాలి రింగుల పక్క నుంచి జారిపోతుంది, వేడీ పుట్టదు. బ్యాటరీ కొత్తదైనంత మాత్రాన సెల్ఫ్ మోటారుకు కరెంటు పూర్తిగా అందుతున్నదని కాదు. నిండా చార్జి అయిన బ్యాటరీ రాత్రి విశ్రాంతి తరువాత 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. పంపు మీది సోలనాయిడ్ వైరు ఊడదీస్తే ఇంజిన్ అందుకోకుండా తిరుగుతుంది, కొలతలు తీరికగా తీసుకోవచ్చు.

ఆ వెంటనే మల్టీమీటరు ఒక కొనను బ్యాటరీ నెగెటివ్ మొన మీద, రెండవ కొనను ఇంజిన్ బ్లాకు మీద శుభ్రమైన ఇనుము తగిలే చోట పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టుకు మించి చూపిస్తే, బ్యాటరీ నెగెటివ్‌ను ఇంజిన్‌కు కలిపే ఎర్త్ పట్టీ పాడైనట్టే. గేర్‌బాక్సు దగ్గర బురద, నూనె పేరుకొని లోపల పచ్చగా చిలుము పట్టిన ఎర్త్ పట్టీలను ఎన్నో చూశాను. పైకి మాత్రం చక్కగానే కనిపిస్తాయి. దీని వల్ల సెల్ఫ్ మోటారు మార్పించుకున్నవారు తక్కువేమీ కాదు.

పరకాల ట్రాక్టరు యజమాని:
ఇన్ని కొలతలు ఎందుకండీ? గాలి ఫిల్టరు మూత తీసి స్టార్టింగ్ స్ప్రే కొడితే ఎంత మొండి ఇంజిన్ అయినా లేస్తుంది. మా పాత ట్రాక్టరుకు అదే చేస్తుంటాము.

పంపు పనివాడు, కాజీపేట:
హీటర్ ప్లగ్ ఉన్న ఇంజిన్‌కు ఆ పని అస్సలు చేయకండి. ఎర్రగా కాలిన ప్లగ్‌కు ఆ స్ప్రేలోని ఈథర్ తగిలితే పిస్టన్ పైకి రాకముందే పేలి, రింగులు, కనెక్టింగ్ రాడ్ దెబ్బతినవచ్చు. గాలి పీల్చే గొట్టంలోనే అంటుకోవడమూ ఉంది. హీటర్ ప్లగ్‌లు లేని ట్రాక్టర్ల సంగతి వేరు. వాటికి కూడా అలవాటు చేయకపోవడమే మంచిది.

ఆదిలాబాద్ నుంచి:
మా వైపు చలికాలంలో ఒక్కోసారి ఉష్ణోగ్రత 5 డిగ్రీల దాకా దిగుతుంది. డీజిల్ గడ్డకట్టడం వల్ల కూడా ఇలా జరుగుతుందా?

పంపు పనివాడు, కాజీపేట:
చలికాలపు డీజిల్ ఫిల్టరును మూసివేయకుండా 6 డిగ్రీల దాకా పారాలని మన భారతీయ ప్రమాణం చెబుతుంది. వేసవి రకానికి ఆ హద్దు 18 డిగ్రీలు. ఎండాకాలంలో పోయించిన డీజిల్ ట్యాంకులోనే నిలిచి ఉంటే మీ వైపు తెల్లవారుజామున మైనం పేరుకునే వీలుంది. కానీ అప్పుడు ఇంధనమే అందదు కాబట్టి తెల్లటి పొగ రాదు. హనుమకొండ వారి కారుకు ఇది వర్తించదు.

హనుమకొండ వాసి:
అందరికీ ధన్యవాదాలు. బ్యాటరీ 12.5 వోల్టులు, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 10 వోల్టులకు కొంచెం పైన ఉన్నది. ఎర్త్ పట్టీ మీద మాత్రం దాదాపు ముప్పావు వోల్టు పోతున్నది. రెండు కొనలూ గీకి, కొత్త పట్టీ వేయించాక ఇంజిన్ తిరిగే చప్పుడే మారిపోయింది. అయినా పొద్దున పూట పొగ, వణుకు తగ్గలేదు. డాష్‌బోర్డు మీద హీటరు దీపం వెలిగి మామూలుగానే ఆరుతున్నది, అంటే ప్లగ్‌లు బాగున్నట్టేనా?

విశ్రాంత డిపో మెకానిక్:
కాదు. ఆ దీపాన్ని ఆర్పేది టైమరే తప్ప ప్లగ్ వేడి కాదు. నాలుగు ప్లగ్‌లూ కాలిపోయినా దీపం తన పని తాను చేస్తుంది. తాళం ఆన్ చేయగానే ప్లగ్‌లను కలిపే పట్టీ మీద 12 వోల్టులు వస్తున్నాయో లేదో మొదట చూడండి. రాకపోతే రిలే గానీ పెద్ద ఫ్యూజు గానీ పోయినట్టు. వస్తుంటే ఆ పట్టీ విప్పి, ఒక్కొక్క ప్లగ్ కొనకూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య రెసిస్టెన్స్ కొలవండి. మంచి ప్లగ్ ఒక ఓము అటూ ఇటూగా చూపిస్తుంది. తెగిన ప్లగ్ అయితే మీటరు కదలదు, తీగ ఎక్కడా తగలనట్టే ఉంటుంది.

మార్చవలసి వస్తే ఇంజిన్ వెచ్చగా ఉన్నప్పుడే, ముందు రోజే ప్లగ్ మొదలు దగ్గర తుప్పు వదిలే నూనె పోసి, నెమ్మదిగా విప్పాలి. బిగుసుకున్న ప్లగ్ హెడ్‌లో విరిగితే ఖర్చు ఎక్కడి నుంచి ఎక్కడికో పోతుంది. తీసిన ప్లగ్ మొన ఉబ్బి లేదా కరిగి కనిపిస్తే ఆ సిలిండరులో డీజిల్ చిమ్మే నాజిల్ సరిగా చల్లడం లేదని అనుమానించండి, లేకపోతే కొత్త ప్లగ్ కూడా ఎక్కువ రోజులు ఉండదు.

హనుమకొండ వాసి:
రెండు ప్లగ్‌లు తెగి ఉన్నాయి, మొనలు మాత్రం చెడలేదు. నాలుగూ ఒకేసారి మార్పించాను. ఇప్పుడు పొద్దున్నే ఒక్క తిప్పుకే అందుకుంటున్నది, పొగ కూడా లేదు. అయితే కారును ములుగు రోడ్డులోని మా బంధువుల ఇంట్లో ఎత్తుగా ఉన్న ర్యాంపు మీద, ముందు భాగం పైకి ఉండేట్టు నిలిపిన మరుసటి పొద్దున మళ్లీ చాలాసేపు కొట్టవలసి వచ్చింది. ఈసారి పొగ అసలే రాలేదు.

పంపు పనివాడు, కాజీపేట:
పొగ లేదన్నారు కాబట్టి ఇది రెండవ దారి. ఎక్కడో గాలి పడుతున్నది. ముందు భాగం ఎత్తుగా ఉన్నప్పుడు గొట్టాల్లోని డీజిల్ రాత్రంతా ట్యాంకులోకి జారిపోతుంది. ఆ చోటులోకి సన్నని పగులు నుంచి గాలి చేరుతుంది. ఇలాంటి లోపం ఒక్కోసారి కింద చుక్క కూడా కారనివ్వదు, ఎందుకంటే ఆ గొట్టంలో పీల్చే ఒత్తిడే తప్ప తోసే ఒత్తిడి ఉండదు. పొద్దున్నే సెల్ఫ్ కొట్టక ముందు ఫిల్టరు మీది చేతి పంపు నొక్కి చూడండి. మెత్తగా ఉండి, నొక్కుతూ పోతే గట్టిపడి, ఆ తరువాత ఇంజిన్ వెంటనే అందుకుంటే అనుమానం తీరినట్టే. పంపులోకి పోయే గొట్టం స్థానంలో కొద్దిసేపు పారదర్శకమైన గొట్టం తగిలిస్తే బుడగలు కంటికి కనిపిస్తాయి. నాజిల్‌ల మధ్య ఉండి, మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపే, బట్ట అల్లిన సన్నని రిటర్న్ గొట్టాలను ముందు మార్చండి. ఎండకు, వేడికి అవే మొదట పగులుతాయి. ఆ తరువాత ఫిల్టరు రబ్బరు వాషరు.

రామగుండం నుంచి:
నా సమస్య దీనికి తలకిందులు. కామన్ రైల్ కారు, చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతుంది. మే నెల ఎండలో కొంత దూరం నడిపి పది నిమిషాలు ఆపితే మళ్లీ అందుకోదు. రిటర్న్ గొట్టాలు నేను కూడా మార్చాలా?

పంపు పనివాడు, కాజీపేట:
మీది వేరే కథ. కామన్ రైల్‌లో రైలు ఒత్తిడి సుమారు 200 బార్లకు చేరనిదే కంప్యూటరు ఇంజెక్టర్లను తెరవనివ్వదు. వేడెక్కిన డీజిల్ పలుచబడి అరిగిన ఇంజెక్టరు నుంచి రిటర్న్‌లోకి ఎక్కువగా జారిపోతే, సెల్ఫ్ వేగానికి ఆ ఒత్తిడి రాదు. ఇంజిన్ మొరాయించినప్పుడే స్కానరు పెట్టించి, సెల్ఫ్ కొడుతూ రెండు అంకెలు చూడమనండి. ఇంజిన్ వేగం సున్నా చూపిస్తే, ఆ వేగాన్ని కంప్యూటరుకు చెప్పే క్రాంక్ సెన్సరు వేడికి మొరాయిస్తున్నట్టు. వేగం చూపిస్తూ ఒత్తిడి పెరగకపోతే నాలుగు రిటర్న్ గొట్టాలకు నాలుగు సీసాలు కట్టి, ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా ఏ సీసా తొందరగా నిండుతున్నదో చూడాలి. పాత ఇంజిన్లకు చేసినట్టు నాజిల్ పైపు నట్టు వదులు చేసి మాత్రం చూడకండి, ఆ పైపుల్లో నడిచే ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది.

హనుమకొండ వాసి:
రిటర్న్ గొట్టాల్లో ఒకటి చేత్తో వంచగానే పగులు తెరుచుకున్నది. అన్నీ మార్పించి కారును అదే ర్యాంపు మీద నిలిపాము. పొద్దున చేతి పంపు గట్టిగానే ఉన్నది, ఇంజిన్ వెంటనే అందుకున్నది. పంపు విప్పే పని పడలేదు.