జపనీస్ వాక్యాలు వస్తున్నాయి, సంభాషణ సాగట్లేదు

ప్రశ్న: ప్రతి మాటా ఎదుటివారి మాటకు జవాబేనంటాడు రష్యన్ సాహిత్య సిద్ధాంతకారుడు బఖ్తిన్. నాకు జపనీస్ ప్రావీణ్య పరీక్షలో ఎన్4 స్థాయి వ్యాకరణం పూర్తయింది. ఈ సిద్ధాంతాన్ని సాధనలో ఎలా పెట్టాలండీ?

జవాబు 1: ముందు ఐజుచి పట్టండి. అంటే మనం కథ వింటూ ఊ కొట్టడమే, కాకపోతే అక్కడ మామూలు సంభాషణలోనూ కొడుతూనే ఉండాలి. ఎదుటివారు "క్యోవా అత్సుయ్ దెస్ నే" (ఈరోజు వేడిగా ఉంది కదా) అంటే "సో దెస్ నే" (అవును కదా) అనాలి. ఈ "నే" మన "కదా"కి దగ్గర, వినేవారి ఒప్పుకోలు అడుగుతుంది. "యో" వారికి తెలియని సంగతి చెప్పడానికి. ఇక్కడ "అత్సుయ్ దెస్ యో" అన్నారో, ఎండ సంగతి ఆయనకు తెలియనట్టు మీరు చెబుతున్నట్టుంటుంది. పుస్తకంలో విడి వాక్యంగా చదివితే ఈ తేడా అసలు కనబడదు.

జవాబు 2: "హై" చాలాసార్లు "వింటున్నాను" మాత్రమే, "సరే" కాదు. పనిమాటల్లో ఇక్కడే బోల్తా పడతారు.
సాధనకు 2 నిమిషాల సంభాషణ ఆడియో చాలు. మొదట ఐజుచి ఎక్కడ పడుతోందో రాసుకోండి. ఎక్కువగా "నే", "కెదో" (కానీ), క్రియ చివరి "తే" (మన "చేసి"లా) తర్వాత చిన్న విరామంలో ఉంటుంది. తర్వాత అక్కడే మీరూ పలకండి. చివరికి ఒకరి మాటలు ఆపేసి, ఆ వంతు మీరే చెప్పండి.

జవాబు 3: పైవారి దగ్గర "ఉన్" (చనువుగా అనే "ఊ") వద్దు, "హై" అనండి. "నరుహోదో" (ఓహో, అలాగా) కూడా పెద్దవాళ్ళలో కొందరికి నచ్చదు.